మంచం కింద రైలింజను అచ్చు

ఖరగ్‌పూర్,
శ్రావణ మాసం, ఆదివారం.

నన్ను చంకనేసుకుని పెంచిన మా అప్పకు,

నీ చెల్లెలు పార్వతి కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వానలకు పెరటి గోడ పడిపోయిందని రాశావు, మళ్ళీ కట్టించారా? పెద్దాడికి గజ్జి తగ్గిందో లేదో రాయలేదు. వేపాకు కాచిన నీళ్ళతో స్నానం చేయించడం మానకు.

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని నీకు కోపంగా ఉంటుంది. ఇన్లాండు కవరు తెచ్చుకుని కూర్చోకపోలేదు. "మేం బాగానే ఉన్నాం" అని రాసేసరికి చెయ్యి ఆగిపోయేది. అబద్ధం రాస్తే నీకు ఇట్టే తెలిసిపోతుంది. నిజం రాస్తే దారిలో ఎవరైనా విప్పి చదువుతారేమోనని భయం. ఇప్పుడా భయం తీరింది. వేరే భయం పట్టుకుంది గానీ, అది కాగితం మీద పెట్టగలిగిన భయమే. ఇన్లాండు చాలదని తెల్లకాగితాలు కొనుక్కొచ్చి రాస్తున్నాను. చదివి కంగారు పడకు. ముందే చెబుతున్నాను, మేం బాగానే ఉన్నాం.

ఇక్కడ వానలు విడవకుండా కురుస్తున్నాయి. ఎర్రమట్టి కాళ్ళకు పట్టుకుని వదలదు, ఎన్నిసార్లు తుడిచినా గుమ్మం నెత్తురు పూసినట్టే ఉంటుంది. రేషను బియ్యంలో రాళ్ళేరడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఆవనూనె వాసనకు అలవాటుపడ్డాను, చేపల పులుసులో మాత్రం పడనివ్వను. చింతపండు ఇక్కడ దొరికేది మన చింతపండు కాదు, అదీ సంగతి.

నా పని గురించి నీకు ఎప్పుడూ వివరంగా రాయలేదు. గోల్‌బజార్ వెనక సందులో మజుందార్ బాబు అనే బెంగాలీ ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఆడుకునే రైళ్ళు చేస్తాం. మామయ్యగారు పనిచేసే రైల్వే కార్ఖానాలో బాగుచేసే ఇంజన్ల లాంటివే, అరచేతిలో పట్టేంతవి. విలాయతులో పిల్లలే కాదు, తలనెరిసిన మగవాళ్ళు కూడా బల్ల మీద పట్టాలు పరుచుకుని వీటిని నడిపించుకుంటారట. నేనూ, ఇంకొందరు ఆడవాళ్ళూ వాటికి సన్న కుంచెతో గీతలు వేస్తాం. మా ఆయన, అదే మీ మరిది, అక్కడ అచ్చుల మేస్త్రి. పెళ్ళికి ముందు హౌరాలో అచ్చులు చెక్కే చోట పని నేర్చుకున్నాడని నీకు తెలుసుగా.

అచ్చు సంగతి చెప్పకపోతే తరవాత రాసేది నీకు అర్థం కాదు. ఇటికల అచ్చు లాంటిదే అనుకో, కాకపోతే ఉక్కుది. లోపల ఇంజను ఆకారం తొలిచి ఉంటుంది. అచ్చు బిగించి, ప్లాస్టిక్కు కరిగించి లోపలికి తోస్తారు. చల్లారాక విప్పితే ఇంజను ఒళ్ళు చేతికొస్తుంది. మా షెడ్డు బతుకంతా ఆ అచ్చుల్లోనే ఉంది. ఇంజనుదొకటి, పెట్టెలవి కొన్ని. అవి లేకపోతే ఆ షెడ్డులో మిగిలేది రేకుల కప్పూ, ఒక పాత మిషనూ.

ఆ అచ్చులు బాబువి కావు. విలాయతు కంపెనీవి. ఒకప్పుడు ఈ బొమ్మలు ఆ దేశంలోనే చేసేవారట. అక్కడ జీతాలు పెరిగి, ఒక్కో ఇంజనుకు చేత్తో గీతలు వేయించడం గిట్టక, అచ్చుల్ని ఓడెక్కించి ఇక్కడికి పంపారు. మేం ఒళ్ళు పోసి, రంగులేసి, తిరిగి ఓడెక్కిస్తాం. మోటారూ చక్రాలూ వాళ్ళే బిగించుకుంటారు. మాకు కూలి వస్తుంది. అచ్చు మాత్రం వాళ్ళది. ఇది మాకు మొదట్నుంచీ తెలుసు. తెలుసుగానీ, పక్కింటివాళ్ళ రోలు మన పెరట్లో ఏళ్ళ తరబడి ఉంటే మనదేనని అనిపించదూ? అలాగే అయింది మాకూ.

ఎండలు మండిపోతున్న రోజుల్లో కలకత్తా నుంచి పెరీరా అనే ఆయన వచ్చాడు. కంపెనీ తరఫున ఇక్కడి పనులు చూసే ఏజెంటు. ఎప్పుడొచ్చినా గీతలు వంకరపోయాయని సణిగి, టీ తాగి పోయే మనిషి. ఆ రోజు టీ ముట్టలేదు. అచ్చులు మిషను మీంచి దింపించి ఒక్కోదానికీ పొడవూ వెడల్పూ కొలుచుకున్నాడు. నా పక్కన కూర్చునే మాలతి దీదీ కుంచె ఆపి చూసింది. ఆవిడ బెంగాలీ విధవరాలు, ఇద్దరు ఆడపిల్లల్ని ఈ కుంచె మీదే పెంచుతోంది. బెంగాలీలోనే మాట్లాడుతుంది, నాకిప్పుడు బాగానే అర్థమవుతుంది. "పార్వతీ, చూశావా ఆ చూపు? సంతలో గొడ్డును కొనేవాడి చూపు కాదు, తోలుకుపోయేవాడిది" అంది.

సాయంత్రం బాబు అందర్నీ పిలిచాడు. ఆయన తెలుగు మావాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

"మాల్ అంతా ఇంక హాంకాంగ్‌లో సేస్తారంట. ఛాంచ్... అచ్చులు తీసుకుపోతారు. అచ్చు ఆలది, నానేటి సేస్తాను?"

మిషను తిప్పే అతను అడిగాడు: "కూలి తగ్గించుకుంటాం, సెప్పండి బాబూ ఆలకి."

బాబు తల అడ్డంగా ఊపాడు. "ఎంత తగ్గించినా లాభం నేదు. మోటారు మన షెడ్డులో పుట్టదు కదా."

హాంకాంగు ఎక్కడుందో నాకు తెలియదు. సముద్రం అవతల చీనావాళ్ళుండే ఊరట. అక్కడ ఒకే కప్పు కింద ఒళ్ళు పోస్తారు, మోటారు చేస్తారు, చక్రాలు బిగిస్తారు, అట్టపెట్టెలో కూడా సర్దేస్తారట. మా దగ్గర ఒళ్ళు ఒక్కటే. మోటార్లు బయటినుంచి తెప్పించి ఇక్కడే బిగిద్దామంటే సర్కారు పర్మిట్టు కావాలి, సుంకం కట్టాలి. మాది చవకే గానీ సగం పని. వాళ్ళది చవకా, పూర్తి పనీ. ఇదంతా బాబే చెప్పాడు.  

కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం మీ మరిది రిక్షాలో ఇంటికొచ్చాడు. రిక్షా ఎక్కే మనిషి కాదని నీకు తెలుసు. కాళ్ళ దగ్గర గోనెలో చుట్టిన బరువేదో ఉంది. రిక్షావాడూ తనూ చెరోవైపు పట్టి లోపలికి తెచ్చి మా మంచం కిందికి తోశారు. రిక్షావాడు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"ఏటయ్యా అది?"

"తలుపెయ్ ముందు."

"ఏటని అడుగుతన్నాను."

"ఇంజను అచ్చు. మనింటికాడ ఎట్టమన్నాడు బాబు. ఏజెంటొస్తే అది పగిలిపోనాది, తుక్కులో ఎలిపోనాదని సెప్తాం. పెట్టెల అచ్చులు అట్టుకుపోనీ. ఇంజను మనకాడుంటే సాలు, బొమ్మలు పోసి కలకత్తాలో అమ్ముకోవచ్చంట."

"అది దొంగతనం కాదేటి?"

ఆయనకు కోపం వచ్చింది. "దొంగతనమేటే? దీని ముక్కుకాడ అరిగిపోతే ఎవుడు బాగుసేసినాడు? ఎవులు వాడితే ఆలే బాగుసేసుకోవాలని కంపెనీ రాసీసింది. కొత్త ముక్క నాను సెక్కినాను, నాను అతికినాను. నా సెయ్యి నేకపోతే అది ఎప్పుడో తుక్కే!"

ఆ మాటా నిజమే అప్పా. అచ్చు అరిగితే ఇంజను అంచున పల్చటి రెక్కలా పొర లేస్తుంది, ఆ సరుకు కంపెనీ తిప్పికొడుతుంది. ఆయన ఆదివారాలు కూడా షెడ్డులోనే కూర్చుని ఆకురాయితో రుద్దుతూ దాన్ని నిలబెట్టాడు. కానీ మేముంటున్నది మామయ్యగారి రైల్వే క్వార్టరు. ఆయన రిటైరయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి. అత్తయ్యగారు పోయిన దగ్గర్నుంచీ వసారాలో పడుకుంటారు, లోపలికి రారు. ఆయనకు చెప్పకుండా ఆయన ఇంట్లోనే దాన్ని దాచాం.

ఆ రోజుల్లో నేను పడ్డ భయం నీకెలా చెప్పను? అన్నం వార్చేటప్పుడు చేతిలోంచి గిన్నె జారిపోయేది. పాలవాడు కేకేస్తే పోలీసుల కేకలా వినబడేది. వీధిలో సైకిలు ఆగితే నా గుండె ఆగేది. మంచం మీద పడుకుంటే కింద మనిషి నక్కి ఉన్నట్టే ఉండేది. నిద్ర పట్టదు. మీ మరిదిని "ఏజెంటు ఎప్పుడొస్తాడు" అని అడిగితే, "వస్తాడు" అని తలతిప్పుకునేవాడు. ఆయనకూ భయమేనని నాకు తెలుసు. పైకి చెప్పడు.

ఇంతలో ఒక పొద్దున్న మా క్వార్టర్ల లైన్లోకి రైల్వే కాపలావాళ్ళు వచ్చారు. కార్ఖానాలో ఇత్తడి సామాను పోతోందని ఒక్కో క్వార్టరూ వెతుక్కుంటూ వస్తున్నారు. మామయ్యగారు డ్యూటీలో ఉన్నారు, మీ మరిది షెడ్డుకు వెళ్ళాడు.  రైల్వే మనిషి ఇంట్లో మంచం కింద ఉక్కు దిమ్మ దొరికితే, అది విలాయతు బొమ్మల అచ్చని చెబితే ఎవరు నమ్ముతారు? కార్ఖానాలోంచి ఎత్తుకొచ్చాడంటారు. మామయ్యగారి ఉద్యోగం, పింఛను, పరువు అన్నీ ఆ గోనెసంచి కిందే నలిగిపోతాయి.

పక్కింటి తలుపు చప్పుడైంది. నేను దుప్పటి లాగి మంచం అంచునుంచి నేలదాకా వేలాడేసి, దానికి ఆనుకుని కింద చతికిలబడ్డాను.  వాళ్ళే తోసుకుని వచ్చారు. ముందున్నవాడు మీసాల బీహారీ. పొయ్యి దగ్గర చూశాడు, బియ్యం డబ్బా కదిపి చూశాడు, నా వైపు తిరిగాడు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళంతా కదులుతోంది.

"క్యా హువా బహూ? బుఖార్ హై?" అన్నాడు. జ్వరమా అని అడుగుతున్నాడు.

తలూపాను. 

"డాక్టర్‌కో దిఖావో" అని డాక్టరుకు చూపించుకోమని, వెనకున్నవాడితో "చలో, ఇక్కడ జబ్బు మనిషి ఉంది" అని హిందీలో చెప్పి వెళ్ళిపోయాడు. వణుకు నిజమేనప్పా, జ్వరమే అబద్ధం. వాళ్ళు లైను చివరికి పోయేదాకా నేను అక్కణ్ణుంచి కదలలేదు.

సాయంత్రం మామయ్యగారు డ్యూటీ దిగి వచ్చారు. రోజూ తిన్నగా కుళాయి దగ్గరికి పోయే మనిషి ఆ రోజు గడపలోనే నిలబడ్డారు. చేతిలో రైల్వే ఆసుపత్రి మందు సీసా ఉంది. దారిలో ఎవరో చెప్పారట, మీ కోడలికి వణికించే జ్వరమని. పని చేసిన బట్టలతోనే ఆసుపత్రికి పోయి, క్యూలో నిలబడి తెచ్చారు.

"తాగమ్మా. సేదుగుంటాది, ఒక్కపాలిన మింగీ" అన్నారు.

ఆ సీసా చూశాక నాకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. ఆయన వంగి దుప్పటి ఎత్తి చూశారు. గోనె విప్పి వేలితో ఉక్కును తడిమారు.  తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండును.

"నాను కార్కానా నుంచి ఒక్క బోల్టు కూడా ఇంటికి తేనేదు" అన్నారు చివరికి. "మంచోణ్ణని కాదమ్మా. బయం. ఆ బయం నాకు ఇప్పటికీ ఉంది."

అంత కఠినంగా ఉండే మనిషి ఆ మాట అంటారని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆయన భయపడతారని తెలిశాక నా భయం పెరగలేదప్పా, ఎందుకో కాస్త నిలదొక్కుకున్నాను.

మీ మరిది వచ్చాక నేనే అడిగాను. "ఏజెంటొచ్చి అచ్చేదని అడిగితే పగిలిపోనాదని సెప్పీది ఎవులు?"

"బాబు."

"కాదు. మేస్త్రివి నువ్వు. పగిలిందో నేదో సెప్పాల్సిన నోరు నీది. రేపు పోలీసోడొస్తే బాబు కలకత్తా ఎలిపోతాడు. నువ్వెక్కడికి పోతావు?"

"ఇచ్చీసినామంటే అందరి నోటికాడ కూడు తీసినోళ్ళమవుతాం. తెలుసా నీకు?"

"తెలుసు."

ఆయన తండ్రి వైపు చూశాడు. మామయ్యగారు గోనె తాడు తీసుకుని మళ్ళీ గట్టిగా కట్టడం మొదలుపెట్టారు. మీ మరిది తనూ వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు పట్టపగలే, నేనూ ఆయనా ఒకే రిక్షాలో, కాళ్ళ మధ్య అచ్చు పెట్టుకుని గోల్‌బజార్ మీదుగా షెడ్డుకు వెళ్ళాం. చేపలు కొనేవాళ్ళందరూ మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. బాబు ముఖం బూడిదలా అయిపోయింది.  మాట అన్నది మాలతి దీదీ.

"మాకోసం ఒక్క అబద్ధం దాచలేకపోయావా?" అంది. "సరే. నీ సత్యాన్ని వండుకుని తిను."

ఆ వారంలోనే పెరీరా లారీతో వచ్చాడు. మీ మరిది ఊరుకోలేక, ముక్కు దగ్గర తను చెక్కిన ముక్కను చూపించి, "ఇది నాను సేసినాను సార్. ఇది కూడా ఆలదేనా?" అని అడిగాడు. పెరీరా హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. "అచ్చులో పెట్టాక అది అచ్చుదే మేస్త్రీ. బాధపడకు. ఆ కంపెనీ కూడా దీన్ని చెక్కించలేదు, దివాలా తీసిన ఇంకో కంపెనీ దగ్గర కొనుక్కుంది. మొదట చెక్కినవాడెవడో ఎవరికీ తెలియదు. హాంకాంగులో కూలి పెరిగితే అక్కణ్ణుంచీ పోతుంది. నా కమీషను కూడా ఇవాళ్టితో సరి." అచ్చులకు గ్రీజు పూసి, చెక్కపెట్టెల్లో గడ్డి కుక్కి, మేకులు కొట్టారు. ఒక్కో మేకు దెబ్బకూ మీ మరిది కళ్ళు మూసుకోవడం చూశాను.

షెడ్డుకు తాళం పడింది. ఆ తరవాతి రోజులు అంతకుముందు రోజులకన్నా ఘోరం. కుళాయి దగ్గరికి నేను వెళితే మాటలు ఆగిపోయేవి. మాతో పనిచేసిన వాళ్ళు మా లైన్లో ముగ్గురు నలుగురున్నారు, ఎవరూ పలకరించరు. పోలీసులంటే భయపడ్డాను సరే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంటే భయపడతానని అనుకోలేదు. చీకటితోనే పోయి నీళ్ళు తెచ్చుకునేదాన్ని. మీ మరిది ఇంట్లో గోడకానుకుని కూర్చుని తన అరచేతులు చూసుకునేవాడు. మేం చేసింది తప్పా అని నిన్ను అడగాలని ఎన్నిసార్లు అనిపించిందో.

రథయాత్రకు కొద్దిరోజుల ముందు మజుందార్ బాబు మా ఇంటికొచ్చాడు. గడప దాటి రావడం అదే మొదటిసారి. మామయ్యగారు కుర్చీ వేశారు. బాబు కొత్త ఆలోచన చెప్పాడు. సొంత అచ్చు చెక్కిద్దాం, విలాయతు ఇంజను కాదు, మన రైల్వే యార్డులో తిరిగే నల్ల ఇంజను. మోటారు వద్దు, తాడు కట్టి పిల్లలు లాక్కుపోయేది. కలకత్తా నుంచి కటక్ దాకా దుకాణాల్లో అడిగి చూశాడట, తీసుకుంటామన్నారట. ఉక్కు ఆయన తెస్తాడు, చెక్కడం మీ మరిది పని. నెలలు పడుతుంది, అంతవరకూ సగం కూలి.

మీ మరిది మొహం వెలిగిపోయింది. "సేస్తాను బాబూ, రేపే మొదలెట్టీస్తాను" అన్నాడు.

నేను తలుపు వెనక ఉన్నాను. ఎలా బయటికొచ్చానో నాకే తెలియదు. మామయ్యగారి ముందు, యజమాని ముందు నిలబడ్డాను. గొంతు వణికింది. ఆ వణుకు దాచుకోవాలనిపించలేదు.

"బాబూ, ఆ అచ్చు ఎవులది?"

బాబు నా వైపు చూశాడు. "స్టీల్ నాది. అచ్చు నాదే కదా."

"అలాగైతే ఈయన సెక్కడు."

"పార్వతీ!" అన్నాడు మీ మరిది.

"సెక్కడు" అన్నాను మళ్ళీ. "రేపు మీరు అమ్మీస్తారు, ఇంకోడు పెట్టెలో పెట్టి మేకులు కొట్టీసి అట్టుకుపోతాడు. మరోపాలి ఈ మనిషి సేతులు సూసుకుంటా కూకుంటే నాను సూడనేను బాబూ."

బాబు లేచి వెళ్ళిపోయాడు. టీ తాగలేదు. మీ మరిది నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, అంతే. అందరి కూడూ తీసినదాన్ని, ఇప్పుడు నా కూడూ నేనే తీసుకున్నానని నాలో నేనే కుమిలిపోయాను. మామయ్యగారు ఒక్కరే, "అడిగినావు కదమ్మా, సూద్దాం" అన్నారు.

రథయాత్ర మర్నాడు బాబు తిరిగొచ్చాడు. ఈసారి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు: "సగం నాది, సగం మేస్త్రిది. ఇద్దరి మాట నేకుండా అచ్చు షెడ్డు దాటదు. ఠీక్ హై?" మామయ్యగారు సాక్షి. మీ మరిది నా వైపు చూశాడు. ఆ చూపు కోపమో ఏమిటో నాకు అర్థం కాలేదు. తలూపాను.

ఆ రోజే షెడ్డు తాళం తీశారు. మీ మరిది పొద్దున్నే యార్డు వంతెన మీద నిలబడి నల్ల ఇంజన్లను చూసి, వెళ్ళి ఉక్కు చెక్కుతాడు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కాసేపు చూస్తూ కూర్చుంటాను. ఉలి ఒక్క వెంట్రుకవాసి పక్కకు పోతే అన్ని నెలల పనీ పోతుందట. ఆయన చెక్కుతున్నంతసేపూ నాకు ఊపిరాడదు. అమ్ముడుపోతాయో లేదో తెలియదు. బాబు మాట మీద నిలబడతాడో లేదో తెలియదు. పాత అచ్చు పోయినప్పుడు కంపెనీని తిట్టుకున్నాం, ఇది పాడైతే తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు. రోజూ భయంతోనే లేస్తున్నానప్పా, నీ దగ్గర దాచను.

నిన్న షెడ్డు నుంచి వస్తుంటే సందు మొగలో మాలతి దీదీ ఎదురైంది. వానలో గొడుగు లేకుండా నిలబడి ఉంది, నాకోసమేనని తరవాత తెలిసింది. ఈమధ్య ఎవరింట్లోనో అంట్లు తోముతోంది, చేతులు పుళ్ళయ్యాయి. నేను తలదించుకుని పోబోయాను.

"రంగులెప్పుడు మొదలు?" అంది.

"తెలీదు దీదీ. ముందు అచ్చు కావాలి. బాగా వస్తుందో రాదో కూడా తెలీదు."

ఆవిడ కాసేపు షెడ్డు వైపు చూసింది. లోపల రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనుంటాలే" అంది. అని, నా గొడుగు కిందికి వచ్చింది. ఇద్దరం లైను దాకా నడిచి వచ్చాం.

అప్పా, ఇదంతా బావగారికి చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం. అమ్మకు మాత్రం వణుకు సంగతి చదివి వినిపించకు, మేం క్షేమమని చెప్పు. నూకాలమ్మకు నా పేరున చీర మొక్కుకో, అచ్చు చెడకుండా రావాలని చెప్పుకో. అచ్చు అంటే అమ్మవారికి తెలియకపోతే, పార్వతి మొగుడి చేతి పని అని చెప్పు. మనవైపు నుంచి ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త కందిగుండా, మన చింతపండూ పంపు. మామయ్యగారు అడగరు గానీ ఆయనకు ఇష్టం. నీ మోకాలికి ఆవనూనె పంపమంటే పంపుతాను.

ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ మా దండాలు, నీ పిల్లలకు నా ముద్దులు. నువ్వు మమ్మల్ని దీవిస్తున్నావని తెలుసు, అయినా ఒకసారి పైకి అను. నా పేరు పెట్టి, గట్టిగా అను. నీ జాబు కోసం పోస్టుమాను సైకిలు చప్పుడు వింటూ ఉంటాను. ఇప్పుడు ఆ చప్పుడంటే నాకు భయం లేదు.

మేం బాగానే ఉన్నాం.

ఎప్పటికీ నీ చంకలోని చెల్లెలు,
పార్వతి